పూలక్క అడిగిన మూడు వేళ్లు

పూలక్క పోయిందన్న మాట నాకు మొదట చెప్పింది మా కింది వాటాలో ఉండే షహనాజ్. లాడ్ బజార్‌లో గాజులకు రాళ్లు అతికించే పని ఆమెది. పొద్దున పనికి పోతూ మా గుడి మలుపు దగ్గర మూరెడు మల్లెలు కొని జడలో తురుముకోవడం ఆమెకు అలవాటు. ఆ రోజు జడ బోసిగా ఉండగానే వెనక్కి తిరిగి మా మెట్లెక్కి వచ్చింది. నేను దేవుడి గూటి ముందు కూర్చుని వత్తులు చేసుకుంటున్నాను.

“అక్కా, పూలక్క గుజర్ గయీ,” అంది. “తెల్లారంగనే పోయిందట. ఆమె కోడలే చెప్పింది. గల్లీల ఎవరో అంటుంటే ఇని నువ్వు పరేషాన్ అయితవని నేనే వచ్చిన.”

లేచి గోడ పట్టుకున్నాను. ఏడుపు రాలేదు. నా నాలుక మాత్రం దానంతటదే కుడి చెంప లోపలికి పోయి, వెనక పన్ను పక్కన ఒక చోటును తడిమి చూసుకుంది. నున్నగానే ఉంది. ఇంకోసారి తడిమింది. నున్నగానే ఉంది. దేవుణ్ని తలుచుకున్నది ఆ తర్వాత. ఆమె కోసం కన్నీళ్లు వచ్చింది ఇంకా తర్వాత.

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ జబ్బుతో కలిపి అత్త పేరు నలుగురూ చెప్పుకోవడం కోడలికి ఇష్టం లేదు. కార్వాన్‌లో మా గల్లీకంతటికీ ఆమె పూలక్కే కాబట్టి నాకూ ఆ పిలుపు చాలు. నేను బడి మెట్లెక్కినదాన్ని కాదు. మా నాయన ఇంట్లోనే పలక మీద దిద్దించిన అక్షరాలు నావి. స్తోత్రాలు చదువుకోవడానికి పనికొచ్చిన ఆ అక్షరాలు ఈ నాలుగు మాటలు రాయడానికి కూడా పనికొస్తున్నందుకు మా నాయనకు దండం పెట్టుకుని మొదలుపెడుతున్నాను.

గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి పూల మూటతో ఆటో దిగగానే పూలక్క మొదట చేసే పని, గోనెపట్టా పరిచి రెండు బుట్టలు వేరు చేయడం. ఒకటి దేవుడి బుట్ట, ఒకటి జడల బుట్ట. జడల బుట్ట ముందున్నప్పుడు ఆమె నోరు ఆగేది కాదు. గల్లీలో ఎవరింట్లో ఏం కూర, ఎవరి కోడలు అలిగింది, నల్లా ఎందుకు రాలేదు, అన్నీ ఆమె దగ్గరే తెలిసేవి. దేవుడి బుట్ట ముందుకు జరిపిందంటే మాత్రం నోరు మూతపడేది. చామంతులు లేవా అంటే గడ్డంతో చూపించేది. తొందరగా ఇమ్మంటే కనుబొమ్మలు ముడిచేది. కాలి బొటనవేలికి దారం చుట్టుకుని, వంచిన తల ఎత్తకుండా కట్టుకుంటూ పోయేది.

గల్లీ చివర ఆటో పెట్టుకునే నర్సింగ్‌కు ఆ సమయమే కావాలి.

“ఏంది పూలక్కా, మౌనవ్రతమా? మా ఇంటిదానికి గూడ జర నేర్పరాదే!”

ఆమె తడి ఆకొకటి వాడి మీదికి విసిరి మళ్లీ తల వంచుకునేది. దండ ముడి పడేదాకా ఓపిక పట్టి, చెంపలో ఉన్నది మోరీలో ఉమ్మి, చెంబుడు నీళ్లతో పుక్కిలించి అప్పుడు జవాబు చెప్పేది. “నీ ఇంటిది నోరు మూసుకుంటే బువ్వకు రమ్మని నిన్ను పిలిచేదెవర్రా? ఆటోలనే పడుంటవ్, కుక్కలు గూడ లేపయి!” నర్సింగ్ అప్పటికే సవారీ ఎక్కించుకుని పోయి ఉండేవాడు. అయినా చెప్పాల్సింది చెప్పేసేది.

ఆ చెంపలో ఉన్నది తంబాకు. పొగాకులో సున్నం, వక్కపలుకు కలిపి నలిపిన ముద్ద. పూల మనిషి నోట్లో అదేమిటని ఒకరోజు నేనే అడిగాను.

“తాళం చెల్లె ఇది,” అంది. “దేవుని దండ కట్టేటప్పుడు మాట్లాడొద్దు. మాట్లాడితే తుంపర పడ్తది, పూలు ఎంగిలైతయ్. నాకేమో నోరు ఊకుండదాయె. మా అత్త నేర్పింది. బుగ్గల ఇది పెట్టుకున్నవనుకో, తెరుద్దామన్నా తెరువబుద్ధి గాదు.”

నాకు ఎంత గొప్పగా అనిపించిందో! ఆ సాయంత్రం అమ్మవారి పటానికి దండ వేస్తూ, ఎవరో ఒకామె తన మాటలన్నీ దిగమింగుకుని కట్టిన దండ తల్లీ ఇది, అని చెప్పుకున్నాను కూడా. దేవుడి దండ కట్టినప్పుడల్లా, ఏళ్ల తరబడి, ఆ తాళం ఆమె చెంపలోనే ఉంది. గుళ్లో పూజారితో సహా మాకెవరికీ అందులో తప్పు కనిపించలేదు. దేవుడి కోసం పెట్టుకున్నది కీడు చేస్తుందని ఎవరికి తోస్తుంది?

మొదటి గుర్తు పానీపూరీ బండి దగ్గర కనిపించింది. బోనాల ముందు రోజులు. గుడి నుంచి నలుగురం ఆడవాళ్లం వస్తూ బండి దగ్గర ఆగాము. పూలక్క పూరీని నోటి దాకా తీసుకుపోయింది, అది లోపలికి పోలేదు. తల పక్కకు వంచి పెట్టుకుంది, అప్పుడూ పోలేదు. పూరీ పగిలి నీళ్లన్నీ చీర మీద పడ్డాయి.

“ఓ భయ్యా, నా మూతికి సరిపోయేటియి చిన్నయి చెయ్యవా?” అంది బండి అతనితో. అందరం నవ్వాము, ఆమె కూడా చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ తర్వాత గమనిస్తే రొట్టెను గోరంత ముక్కలుగా తుంచుకుని, ఒక్కొక్కటే పెదాల మధ్య నుంచి లోపలికి తోసుకునేది. మిర్చి బజ్జీ మానేసింది. పచ్చడి మానేసింది. కారం తగిలితే చెంపల్లో నిప్పు పెట్టినట్టుందని పెరుగన్నంతో గడిపేది.

“వేడి చేసింది,” అన్నారు అందరూ. ఆమె కూడా అదే అంది. మనలో నోరు పూస్తే వేడి, కడుపులో మంట పుడితే వేడి, కళ్లు ఎర్రబడితే వేడి. సబ్జా గింజలు నానబెట్టి తాగింది. షహనాజ్ గులాబీ రేకుల గుల్కంద్ సీసా తెచ్చిచ్చింది. నేను పలచటి మజ్జిగ పంపేదాన్ని. ఇన్ని చల్లటివి కడుపులోకి పోతుంటే, వేడివేడి తంబాకు ముద్ద చెంపలో దాని చోటున అది ఉంది. నోరు నెమ్మదిగా మూసుకుపోతోంది.

తర్వాత కొన్నాళ్లు ఆమె చోటు ఖాళీగా ఉంది. తిరిగి వచ్చిన రోజు చెంప చదునుగా ఉంది. దేవుడి బుట్ట ముందుకు జరుపుకుని, సంచిలోంచి కుల్ఫీ పుల్లల కట్ట తీసింది. వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య ఇరికించుకుంది. పైన శుభ్రమైన గుడ్డ కట్టుకుని దండ మొదలుపెట్టింది. మేమంతా నోళ్లు వెళ్లబెట్టి చూస్తుంటే కనుబొమ్మలు ఎగరేసింది, ఏం చూస్తున్నరన్నట్టు.

దండ పూర్తయ్యాక చెప్పింది. సర్కారు పళ్ల దవాఖానకు పోయిందట. తంబాకూ వక్కా కలిసి చెంప లోపలి కండను తాడులా బిగించేశాయని, లోపల తెల్లటి మచ్చ కూడా ఉందని డాక్టరమ్మ చెప్పిందట. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఇప్పటికైతే అది కాదు, కానీ ముందు ముందు కావచ్చు, తంబాకు ముట్టొద్దు, పిలిచినప్పుడల్లా రావాలన్నారు. బిగిసిన నోరు కొంచెం కొంచెం తెరుచుకోవడానికి ఈ పుల్లల కసరత్తు.

“అది అంటే ఏది?” అంది పక్కన నిలబడ్డ ఒకావిడ.

“అదే,” అంది పూలక్క. క్యాన్సర్ అన్న మాట మా గల్లీలో ఎవరూ పలకరు. పలికితే ఇంట్లోకి వస్తుందన్నట్టు ‘అది’ అంటారు. నేనూ అంతే. ఇప్పుడు ఈ అక్షరాలు రాసేముందు కూడా ఒకసారి దేవుడి గూటి వైపు చూశాను.

“మూడు వేళ్లు ఇట్ల నిలువుగ పెట్టుకోమన్నది డాక్టరమ్మ,” అని చూపించింది. చూపుడు వేలు కూడా అటూ ఇటూ తిప్పితే గానీ లోపలికి పోలేదు. “మంచిగున్న నోట్ల మూడు పడ్తయట. నా నోట్ల ఒక్కటే.”

ఆ రోజు నుంచి ఆమెకు అదొక పట్టుదల అయిపోయింది. పూలకు వచ్చిన వాళ్లందరినీ, “ఏదీ, నోరు తెరువు. మూడు వేళ్లు పెట్టు,” అనేది. గుట్కా నమిలే మనిషి కనిపిస్తే ఇక వదిలేది కాదు. కొందరు విసుక్కున్నారు. కొందరు వేరే చోట పూలు కొనుక్కోవడం మొదలుపెట్టారు. నర్సింగ్ అయితే, “పూలక్కా, మూర పూలకు మూడు వేళ్లు పెట్టాల్నా?” అని ఎగతాళి చేశాడు. “పెట్టుర ముందుగాల, ఆనెంక నవ్వు,” అంది. పెట్టాడు. పట్టాయి. “సరే, నువ్వు మొరుగొచ్చు ఇంక,” అంది. అట్లా నవ్విస్తూనే సంచిలోంచి పుల్లలు తీసుకునేది. నోరు కొంచెం తెరుచుకున్న రోజు నన్ను దూరం నుంచే పిలిచేది. “చెల్లె, ఇయ్యాల ఇంకో పుల్ల పట్టింది!” పండగ కబురు చెప్పినట్టు చెప్పేది. గుడికి పోయి ఆ పుల్ల కోసం దండం పెట్టుకున్న రోజులున్నాయి నాకు.

ఇక నా సంగతి చెప్పాలి.

నా కుడి చెంప లోపల ఒక పుండు పుట్టింది. చిన్నదే, పెసరగింజంత. మా ఆయనకు చెప్తే, “వేడి. మజ్జిగ తాగు,” అని ఆఫీసుకు పోయాడు. తాగాను. తేనె రాశాను. కొబ్బరి నమిలాను. నెలసరి వచ్చి పోయింది, పుండు పోలేదు. నేను తంబాకు ముట్టినదాన్ని కాదు. నోములప్పుడు ఒక తమలపాకు, అంతే. కానీ పూలక్క నోరు రోజూ చూస్తున్నదాన్ని కదా, నా భయం నాకు బాగా తెలిసిపోయింది. అందరూ బయటికి పోయాక మధ్యాహ్నం తలుపు గడియ పెట్టుకుని కిటికీ వెలుతురులో అద్దం పట్టుకునేదాన్ని. చూడాలని నోరు తెరవడం, చూడలేక కళ్లు మూసుకోవడం. లలితా సహస్రం చదువుతుంటే మధ్యలో నామం తప్పిపోయేది, నాలుక పుండు దగ్గరికి పోయేది. నాకేమన్నా అయితే మా ఇంట్లో దీపం ఎవరు పెడతారన్న దగ్గర మొదలై, నా చావు కర్మల దాకా పోయేది ఆలోచన. ఎవరికీ చెప్పలేదు. నా కంచంలో వడ్డించుకునే కూర వేరేగా, కారం లేకుండా దించుకునేదాన్ని.

ఒక శుక్రవారం పూలకు వెళ్లాను. పూలక్క పుల్లలు తీసి సంచిలో వేసుకుంటోంది. నా మొహం వైపు చూసి, చూపు అక్కడే ఆపేసింది.

“నీ నాలిక మాటిమాటికి గా బుగ్గలకు ఎందుకు పోతుంది?”

“ఏం లేదక్కా.”

“ఏం లేకపోతే నాలిక పోదు. నాది గూడ గట్లనే పోతుండె. తెరువు.”

నడి గల్లీలో నోరు తెరవలేక గుడి గోడ పక్కకు వెళ్లాను. ఆమె వంగి చూసింది.  వేలితో నా గడ్డం ఇంకొంచెం కిందికి దించి మళ్లీ చూసింది.

“ఎన్నడు పుట్టింది?”

చెప్పాను. బుట్టల మీద తడి గోనె కప్పింది. పక్కన కొబ్బరికాయల ఆమెకు చూస్తుండమని సైగ చేసి నా మణికట్టు పట్టుకుంది.

“ఎక్కడికక్కా? పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చిన.”

“షహనాజ్ ఇయ్యాల ఇంట్లనే ఉంది, పోతపోత కేకేసి దింపమను. నర్సింగూ, ఆటో తియ్యిరా!”

ఆటోలో ఆమె చెయ్యి వదల్లేదు. నా వేళ్లు చల్లగా ఉన్నాయి, ఆమెవీ అంతే.  మూసీ దాటుతుంటే నాకు ఏడుపొచ్చింది. “అక్కా, నాకు భయమైతుంది. ఇంటికి పోదాం. రేపొస్తా.”

“నాకైతలేదా?” అంది ఆమె. మొదటిసారి ఆమె గొంతులో నవ్వు లేదు. “దవాఖాన గేటు చూస్తేనే నాకు కాళ్లు వెనక్కే పోతయ్. పోయినసారి గేటు కాడి నుంచే ఇంటికి పోయిన. ఎవ్వలకు చెప్పలే. భయం పోయినంక పోదామంటే అది ఎన్నడు పోవాలె? భయపడుకుంటనే పోదాం పా.”

నర్సింగ్ వెనక్కి తిరక్కుండా ఆటో వేగం పెంచాడు. 

డాక్టరమ్మ నాకంటే చాలా చిన్న పిల్ల. “తంబాకు, గుట్కా ఏమన్నా ఉందా అమ్మా?” అని అడిగితే తల అడ్డంగా ఊపాను. “లేదు బిడ్డా, నోట్ల తులసాకు తప్ప ఏం పెట్టదు,” అంది పూలక్క. మొహం మీదికి లైటు దించారు. చిన్న అద్దం లోపల పెట్టి, తొడుగు వేసుకున్న వేలితో పుండు చుట్టూ నొక్కి చూసింది. మెడ కింద తడిమింది. ఆ కాసేపు నేను కళ్లు మూసుకుని పూలక్క కొంగు పట్టుకునే ఉన్నాను.

“వెనక పన్ను అంచు విరిగింది. కత్తిలాగా ఉంది,” అంది ఆ పిల్ల. “నమిలినప్పుడల్లా అదే చెంపను గీరుతోంది. అంచు నున్నగా చేస్తాను. రెండు వారాల్లో మానాలి. మానకపోతే మాత్రం ముక్క తీసి పరీక్ష చేయాలి. అప్పుడు భయపడి ఇంట్లో కూర్చోకూడదు, రావాలి. వస్తారు కదా?”

“నేను తెస్త,” అంది పూలక్క.

ఆ రెండు వారాలూ అన్నం గొంతు దిగితే ఒట్టు. ‘మానాలి’ అన్న మాట కంటే ‘మానకపోతే’ అన్న మాటే చెవిలో ఉండేది. రోజూ పూలక్క గుడి గోడ పక్కకు పిలిచి చూసేది. ఒక రోజు చూసి, ఇంకా దగ్గరగా వంగి చూసి, నా రెండు చెంపలూ పట్టుకుని ఊపేసింది. “పోయింది! చెల్లె, నీది పోయింది! పో, మిర్చి బజ్జి తిను, నా పేరు మీద గూడ ఇంకోటి తిను!” అంది. అక్కడే గోడకు తల ఆనించి అమ్మవారికి దండం పెట్టుకున్నాను. తల తిప్పి చూస్తే పూలక్క నాలుక ఆమె ఎడమ చెంప లోపల తడుముకుంటోంది. నేను చూడటం చూసి ఆపేసింది.

ఆమె తెల్ల మచ్చ పక్కన గట్టిగా ఏదో తగులుతోంది. మళ్లీ ముక్క తీశారు. ఈసారి అదే అన్నారు.

ఆపరేషన్ అయింది. తర్వాత కరెంటు పెట్టారు, రేడియేషన్ అంటారట దాన్ని. మళ్లీ వచ్చి కూర్చుంది, ఒక చెంప లోపలికి పోయి, కొంగు మూతికి అడ్డంగా లాక్కుని. జడల పూలు కట్టేటప్పుడు కూడా మాట లేదు, కనుబొమ్మలే. వాటి అర్థం మాకు ముందే తెలుసు కాబట్టి బేరాలు అట్లాగే సాగాయి. కొన్నాళ్లకు అది మెడలోకి పాకింది. ఆమె చోటు మళ్లీ ఖాళీ అయింది, పొద్దున కాసేపు కోడలు వచ్చి అక్కడ పూలు అమ్ముకుని పోయేది.

ఆఖరుసారి చూసింది వాళ్లింట్లో. ముక్కులోంచి వేసిన గొట్టంలో కోడలు పలచటి జావ పోస్తోంది. “రుచి తెల్వదు గద, అయినా ఉప్పేసినవా అని సైగ చేస్తది,” అని కోడలు నవ్వబోయి ఆగిపోయింది. నేను గుడి నుంచి తెచ్చిన పూలు దిండు పక్కన పెట్టాను.  నిజం చెప్పాలంటే అక్కడి నుంచి లేచి పారిపోవాలనిపించింది. ఆ మొహంలో నేను తప్పించుకున్నదంతా నాకు కనిపిస్తోంది.

ఆమె నన్నే చూస్తూ చెయ్యి పైకెత్తింది. మంచినీళ్లు కావాలేమోననుకున్నాను. కాదు. మూడు వేళ్లు దగ్గరగా చేర్చి నిలువుగా పట్టుకుంది.

నోరు తెరిచాను. నా మూడు వేళ్లు పెట్టి చూపించాను. ఆమె కనుబొమ్మలు ఇంకా అన్నాయి, దగ్గరికి రమ్మన్నాయి. వంగాను. కిటికీ వెలుతురు పడేటట్టు నా గడ్డం తిప్పి, కుడి చెంప లోపల ఆ చోటు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత కళ్లు మూసి తెరిచింది, బాగుందన్నట్టు. ఆ చెయ్యి నా చెంప మీదే ఉంచి పడుకుంది. గొట్టంలో జావ అయిపోయేదాకా నేను కదల్లేదు.

షహనాజ్ కబురు చెప్పిన మర్నాడు గుడి మలుపులో పూలు దొరకలేదు. నర్సింగ్ గుడిమల్కాపూర్ నుంచి విడిపూలు తెచ్చి మా గుమ్మంలో పెట్టాడు. “నువ్వే కట్టమ్మా. నాకింకెవ్వల దగ్గర కొనబుద్ధి గాలె,” అన్నాడు. మూతికి గుడ్డ కట్టుకుని కూర్చున్నాను. నా ముళ్లు ఆమె ముళ్లలా పడలేదు, దండ ఒకచోట లావు, ఒకచోట సన్నం. కడుతున్నంతసేపూ గుడ్డ చాటున నాలుక పోయి పోయి చెంపను తడుముతూనే ఉంది. ఈ భయం నన్ను వదిలిపోయేది కాదని తెలిసింది. అయినా ఏడాదికొకసారి ఆ డాక్టరమ్మ దగ్గరికి పోతూనే ఉంటాను. ఆటోలో నా పక్కన చోటు ఖాళీగా ఉంటుంది, అంతే. నన్ను బతికించుకున్న అమ్మవారికీ, నా మణికట్టు పట్టుకున్న ఆ చేతికీ కలిపి ఒకే దండం పెట్టుకుంటున్నాను.

చదివిన వాళ్లకు ఒక్క మనవి. రేపు పొద్దున పళ్లు తోముకున్నాక అద్దం ముందు నోరు తెరిచి మూడు వేళ్లు నిలువుగా పెట్టుకోండి. అవి పట్టకపోయినా, రెండు మూడు వారాలైనా మానని పుండు కనిపించినా వేడి అనుకుని ఊరుకోకండి. భయపడుకుంటూనే వెళ్లండి. వేళ్లు పడితే, తీసేముందు ఒక్క క్షణం ఆగి, కార్వాన్ గుడి మలుపులో దేవుడి దండ ఎంగిలి కాకూడదని నోటికి తాళం వేసుకున్న మా పూలక్కను తలుచుకోండి.